ద్వారకానగర్ రీడింగ్ రూమ్: గడువు లేని పనికి ఒక అద్దె కుర్చీ

విశాఖపట్నం ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్ళగలిగిన దూరంలో, ఒక వాణిజ్య భవనం మూడో అంతస్తులో నడుస్తున్న రీడింగ్ రూమ్‌లో కొన్ని నెలలుగా ఉదయం షిఫ్టు సీటు తీసుకుని కూర్చుంటున్నాను. పోటీ పరీక్షల అభ్యర్థుల కోసం పెట్టిన గది అది. నేను ఏ పరీక్షకూ కట్టలేదు. ఏళ్ళ తరబడి వెనక్కి జరుగుతూ వచ్చిన ఒక సొంత పనిని పూర్తి చేసుకోవడానికి దాన్ని వాడుకుంటున్నాను. ఈ సమీక్ష ఆ అవసరం ఉన్నవాళ్ళ కోసం. గది పేరు రాయడం లేదు. ద్వారకానగర్‌లోనూ, మద్దిలపాలెం వైపునా ఇలాంటివి చాలా ఉన్నాయి, ఏర్పాట్లు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. పైగా ఇందులో మెచ్చుకోళ్ళతోపాటు ఫిర్యాదులూ ఉన్నాయి కనుక ఒక్క యజమానిని వేలెత్తి చూపడం నాకు ఇష్టం లేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఎవరూ గడువు పెట్టని పనిని రేపటికి, మర్నాటికి తోసేస్తున్నవాళ్ళకు, నెలకు పన్నెండు వందల రూపాయలు పెట్టగలిగితే, ఇంతకంటే సూటిగా పనిచేసే సాయం ఈ ఊళ్ళో నాకు కనిపించలేదు.

నా పని ఇది. మా అమ్మ పాడిన పెళ్ళిపాటలను, అంటే పసుపు దంచేటప్పుడు, తలంబ్రాలప్పుడు, అప్పగింతలప్పుడు పాడేవాటిని, 1990లలో ఇంట్లో టేప్‌రికార్డర్ మీద అరవై నిమిషాల కేసెట్లలో రికార్డు చేసి ఉంచాం. అమ్మ ఇప్పుడు లేదు. మా ఊరి వైపు పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే ఆ పాటలు వచ్చినవాళ్ళు కూడా తగ్గిపోయారు. సముద్రపు తేమ ఉన్న ఈ ఊళ్ళో కేసెట్ టేపుకు ఆయుష్షు తక్కువ. గాలిలోని తేమకు టేపు మీది అయస్కాంత పూతను పట్టి ఉంచే జిగురు మెత్తబడుతుంది, చుట్ట అంచున తెల్లటి బూజు పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కిటికీ అద్దం పగిలి, జల్లు గదిలోకి కొట్టి, ఆ కేసెట్ల పెట్టె తడిసింది. వాటిని నీడన ఆరబెట్టి, తెలిసినవాళ్ళ స్టూడియోలో కంప్యూటర్‌లోకి ఎక్కించాం. పని అక్కడితో ఆగింది. పాటలు విని ఒక్కో మాటా రాసుకోవడం, ఏ ఘట్టంలో పాడేదో పక్కన గుర్తు పెట్టుకోవడం, చివరికి మనవరాళ్ళ చేతిలో పెట్టగలిగే పుస్తకంగా చేయడం మాత్రం మిగిలిపోయింది.

ఇలాంటి పనులు ఎందుకు మిగిలిపోతాయో కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ గది చేసే మేలు అందులోనే ఉంది. చూసేవాళ్ళు దీన్ని బద్ధకం అంటారు. వాయిదా వేసే మనిషి సాధారణంగా ఖాళీగా కూర్చోడు; ఆ గంటలో అలమర సర్దుతాడు, కరెంటు బిల్లు కడతాడు, ఎవరికో ఫోన్ చేస్తాడు. ఫూషియా సిరోయిస్, తిమోతి పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో రాసిన వ్యాసంలో వాయిదాను సమయపాలన లోపంగా కాక, ఆ క్షణంలోని చేదు భావాన్ని తప్పించుకునే ప్రయత్నంగా వివరించారు. పని తలచుకోగానే కలిగే బెంగ, విసుగు, చేతకాదేమోనన్న అనుమానం మనసును కుదిపేస్తాయి. పనిని పక్కన పెట్టగానే ఆ కుదుపు తగ్గుతుంది. తగ్గింది కనుక మర్నాడు మళ్ళీ పక్కన పెట్టాలనిపిస్తుంది. నా విషయంలో అది అమ్మ గొంతు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మొదటి అర నిమిషం భరించడం కష్టం. అర నిమిషం దాటితే చెవి పాట మీదికి పోతుంది. ఆ అర నిమిషాన్ని దాటించే ఏర్పాటు ఇంట్లో లేదు.

దానికి తోడు మన ఇళ్ళలో మంచి ముహూర్తాలకు కొదవ లేదు. ఉగాది నుంచి మొదలుపెడదాం, మూఢం వెళ్ళాక చూద్దాం, దసరాకి పూజ చేసి కూర్చుందాం, సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చాక తీరిక దొరుకుతుంది, ఏదీ కాకపోతే సోమవారం. కొత్త ఆరంభాలకు బలం లేకపోలేదు. హెంగ్‌చెన్ దాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధనలో వారం మొదట్లో, నెల మొదట్లో, పుట్టినరోజు తర్వాత జనం వ్యాయామశాలకు ఎక్కువగా వెళ్ళినట్లు తేలింది. ఉగాది మనిషిని గుమ్మం దాకా తీసుకురాగలదు. ఉగాది తర్వాతి పదో రోజున, పచ్చడి రుచి మరిచిపోయిన మామూలు గురువారం నాడు, కుర్చీలో కూర్చోబెట్టే బలం దానికి లేదు. ఆ గురువారం కోసమే ఈ గది.

ఇక గది సంగతి. మెట్లెక్కి వెళ్ళాక బయట చెప్పుల స్టాండు, దాని పక్కన వేలిముద్ర యంత్రం, లోపల పొడవాటి హాలు. ప్లైవుడ్ పలకలతో విడగొట్టిన అరలు వరసలుగా ఉంటాయి. ప్రతి అరకూ ఒక బల్ల, ఒక కుర్చీ, తలెత్తితే తగిలేంత ఎత్తున చిన్న ఎల్‌ఈడీ దీపం, ఒక ప్లగ్ పాయింటు. ముందు బల్లకు అంటించిన స్టిక్కర్ మీద సీటు నంబరు. కిటికీ వైపు మొదటి వరస ఆడవాళ్ళకే కేటాయించారు, దాన్ని ఎవరూ మీరకుండా చూస్తున్నారు. ఉదయం ఆరు నుంచి పన్నెండు, పన్నెండు నుంచి ఆరు, ఆరు నుంచి రాత్రి పదకొండు అని షిఫ్టులు. ఒక షిఫ్టుకు నెలకు పన్నెండు వందలు, రోజంతా కావాలంటే పద్దెనిమిది వందలు, లాకరుకు వంద అదనం, చేరేటప్పుడు అయిదు వందల డిపాజిట్. మంచినీళ్ళ క్యాన్, వరండాలో ఒక టీ ఫ్లాస్కు, రెండు దినపత్రికలు. ఫోన్లు సైలెంట్‌లో ఉంచాలి, మాట్లాడాలంటే మెట్ల మీదికి పోవాలి. వైఫై పాస్‌వర్డ్ అడిగినవాళ్ళకు మాత్రమే ఇస్తారు. నేను అడగలేదు, లాకరు తీసుకుని ఫోన్ అందులో పెట్టాను. నా అనుభవంలో ఆ వంద రూపాయలే నెల మొత్తంలో ఎక్కువ గిట్టుబాటు అయిన ఖర్చు.

ఈ ఏర్పాటులో ముందుగా మెచ్చుకోవలసింది వేళ. సీటు నాది, నంబరు నాది, ఆరు గంటలకు తలుపు తెరుస్తారు. ‘తీరిక దొరికినప్పుడు పాటలు రాసుకోవాలి’ అన్న సంకల్పానికీ, ‘ఉదయం ఆరున్నరకు మూడో అంతస్తులోని నా సీటులో కూర్చోగానే నిన్న ఆపిన చోటి నుంచి రాయడం మొదలుపెట్టాలి’ అన్న సంకల్పానికీ మధ్య చాలా దూరం ఉంది. ఎప్పుడు, ఎక్కడ, ఏది అని ముందే కట్టుకున్న సంకల్పం ఎంత బలంగా పనిచేస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ఏళ్ళ తరబడి పరిశోధించాడు. 2006లో ఆయనా, పాస్కల్ షీరాన్ కలిసి 94 పరిశీలనల ఫలితాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు లక్ష్యం నెరవేరడం మీద దాని ప్రభావం ఓ మోస్తరు నుంచి గట్టిగానే ఉన్నట్లు తేలింది. ఇంట్లో అదే సంకల్పాన్ని మనమే కట్టుకుని మనమే విప్పేస్తాం. ఇక్కడ విప్పాలంటే కట్టిన డబ్బు కళ్ళ ముందు మెదులుతుంది.

గడువు గురించి కూడా చెప్పుకోవాలి. డాన్ ఏరియలీ, క్లాస్ వెర్టెన్‌బ్రోక్ 2002లో ప్రచురించిన ఒక ప్రయోగంలో తప్పులు దిద్దే పనిని మూడు బృందాలకు అప్పగించారు. ఒక బృందానికి వారం వారం సమానంగా గడువులు పెట్టారు, రెండో బృందాన్ని తమ గడువులు తామే పెట్టుకోమన్నారు, మూడో బృందానికి చివర్లో ఒకే గడువు ఇచ్చారు. బయటి నుంచి సమానంగా గడువులు పెట్టినవాళ్ళు ఎక్కువ తప్పులు పట్టుకున్నారు, సొంతంగా పెట్టుకున్నవాళ్ళు రెండో స్థానంలో, ఒకే గడువు ఉన్నవాళ్ళు చివరన నిలిచారు. సొంత గడువు పనికిరానిదేం కాదని, పైవాళ్ళు పెట్టినదానితో సమానం మాత్రం కాదని నాకు దీన్నుంచి అర్థమైంది. అమ్మ పాటలకు పైవాళ్ళెవరున్నారు? అందుకని నెలాఖరును గడువుగా తీసుకున్నాను. ప్రతి నెలా సీటు రెన్యువల్ చేసే రోజున ఆ నెల రాసిన పాటలను శుభ్రంగా టైపు చేసి హైదరాబాదులో ఉన్న మా చెల్లికి పంపుతాను. అందకపోతే అది ఫోన్ చేసి అడుగుతుంది. గది యజమానికి ఈ సంగతి తెలియదు, అయినా రెన్యువల్ తేదీని గట్టిగా పట్టుకుని ఆయన నాకు మేలే చేస్తున్నాడు.

తోటివాళ్ళ సంగతి మరీ ముఖ్యం. నా ఎడమవైపు బ్యాంకు పరీక్షల కుర్రాడు, కుడివైపు డీఎస్సీకి చదివే అమ్మాయి, వెనక వరసలో గ్రూప్స్ వాళ్ళు. ఒకరి పని ఒకరికి తెలియదు, అయినా పక్క అరలో పేజీ తిప్పిన చప్పుడు వినిపిస్తే నా పెన్ను ఆగదు. మనుషులు పక్కన ఉంటే పనిలో వేగం పెరుగుతుందని నార్మన్ ట్రిప్లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1898లోనే సైకిలు పందేలను, పిల్లలు గాలపు చక్రాలు తిప్పడాన్ని గమనించి రాశాడు. 1965లో రాబర్ట్ జాయన్స్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త దానికి ఒక మెలిక చూపించాడు: బాగా అలవాటైన పని నలుగురి మధ్య మెరుగవుతుంది, ఇంకా చేతికి రాని పని మాత్రం చెడుతుంది. ఈ తేడా నాకు గదిలో స్పష్టంగా కనిపించింది. విని రాయడం, సరిచూడడం, టైపు చేయడం ఇక్కడ చక్కగా సాగుతాయి. పుస్తకానికి ముందుమాట రాయబోతే మాత్రం ఒక్క వాక్యం కుదరలేదు. అది ఇంట్లో, తలుపు వేసుకుని రాయవలసిందే. కథ రాయాలనుకునేవాళ్ళు, సంగీతం నేర్చుకునేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకుని చేరాలి.

పని ఎలా సాగుతుందో ఒక పాట చెబితే తెలుస్తుంది. పసుపు దంచే పాట ఒకటి ఉంది. రికార్డు చేసిన రోజున అమ్మ ఊరికే కూర్చుని పాడలేదు, రోకలి పట్టుకుని పాడింది. రోకటి పోటు ప్రతి పాదంలోనూ ఒకే చోట, సరిగ్గా మూడో మాట మొదటి అక్షరం మీద పడుతుంది, ఆ అక్షరం వినపడదు. హెడ్‌ఫోన్స్‌లో ఆ పోటు గుండె మీద పడినట్లుంటుంది. మొదటి పాదంలో వినపడనిదాన్ని నాలుగో పాదంలో వెతకాలి, ఎందుకంటే అక్కడ పక్కనున్న మా పెద్దమ్మ అర లిప్త ముందుగా అందుకుంటుంది, ఆమె గొంతులో ఆ అక్షరం బయటపడుతుంది. ఇలా వెనక్కి, ముందుకు జరుపుకుంటూ ఒక నిమిషం పాట రాయడానికి పావుగంట పైనే పడుతుంది. కేసెట్‌లో ఒక సైడు ముప్పై నిమిషాలు. ఇంట్లో ఈ పనికి కూర్చుంటే రెండో పాదం దగ్గర కుక్కరు కూత వేస్తుంది, లేచి వెళ్తాం, తిరిగి వచ్చేసరికి చెవి పాట నుంచి జారిపోయి ఉంటుంది. గదిలో లేచి వెళ్ళడానికి కారణం దొరకదు, కూర్చునే ఉంటాం, కాబట్టి అక్షరం దొరుకుతుంది.

డీఎస్సీకి చదివే అమ్మాయిది పాలకొండ వైపు. ఒకరోజు నీళ్ళ క్యాన్ దగ్గర, “ఆంటీ, మీరు ఏ ఎగ్జామ్‌కి చదువుతున్నారు?” అని అడిగింది.

“ఎగ్జామ్ కాదమ్మా, మా అమ్మ పాడిన పాటలు విని రాసుకుంటున్నాను.”

“మరి దానికి లాస్ట్ డేట్ ఎప్పుడు?”

ఆ పిల్ల మామూలుగానే అడిగింది. ఆమె లోకంలో ప్రతి పనికీ లాస్ట్ డేట్ ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వెలువడితే జూన్‌లో పరీక్షలు మొదలయ్యాయి. ఏళ్ళుగా ఎదురుచూసినవాళ్ళు ఆ కొద్ది వారాల్లో నిద్రాహారాలు మాని చదివారు. ఆ చదువంతా నోటిఫికేషన్‌కు ముందు ఎందుకు సాగలేదని అడగడం తప్పు, ఎందుకంటే తేదీ లేని చోట మనిషి మనసు అంత బిగువుగా నిలబడదు. సొంత లక్ష్యాలకు నోటిఫికేషన్ ఎప్పటికీ రాదు. ఆరోగ్యం కోసం నడక, సగంలో ఆపేసిన దూరవిద్య డిగ్రీ, వీణ, ఇంటి పెద్దల జ్ఞాపకాలు రాసుకోవడం, వీటిలో దేనికీ హాల్‌టికెట్ ఉండదు. అభ్యర్థుల మధ్య కూర్చున్నప్పుడు వాళ్ళ తేదీల వేడి కొంత మనకూ తగులుతుంది, నేను ఇక్కడ డబ్బు కడుతున్నది ముఖ్యంగా ఆ వేడికే. ఆ అమ్మాయికి నెలాఖరు అని చెప్పాను. తర్వాత చాలాసార్లు, “ఈ నెల పాటలు పంపేశారా ఆంటీ?” అని అడిగింది, ఆ అడగడం నాకెంతో పనికొచ్చింది.

లోపాలు తక్కువేమీ లేవు. లిఫ్టు చాలా రోజులు పనిచేయదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు మూడంతస్తుల మెట్లు నరకం. కుర్చీలు ప్లాస్టిక్‌వి, చేతులు ఆనించుకునే వీలు లేదు, రెండు గంటలు దాటితే నడుము పట్టేస్తుంది. నేను ఇంటి నుంచి చిన్న దిండు తీసుకువెళ్తాను. ఏసీ గాలి మూడో వరస మీద నేరుగా పడుతుంది. వేసవిలో కరెంటు పోతే ఇన్వర్టర్ మీద దీపాలు, ఫ్యాన్లు నడుస్తాయి గానీ ఏసీ ఆగుతుంది. కిటికీలు తెరవడానికి వీలు లేకుండా బిగించారు, సముద్రం పక్క ఊళ్ళో ఆ ఉక్కపోత భరించడం కష్టం. ఆడవాళ్ళకు ఒకటే బాత్రూమ్, అదీ మధ్యాహ్నానికి శుభ్రంగా ఉండదు. వినాయక చవితి రోజుల్లో కింద మండపం మైకుకు ప్లైవుడ్ అరలు ఏమాత్రం అడ్డు కావు.

వీటన్నిటికంటే నాకు బాధ కలిగించిన విషయం వేరే ఉంది. ఊరికి వెళ్ళవలసి వచ్చి పది రోజులు రాకపోయినా ఆ రోజులను గడువు చివర కలపరు. ఇల్లు, ఉద్యోగం ఉన్నవాళ్ళకు అలాంటి రోజులు తప్పవు. ఒకసారి తప్పితే ఆ నెల పోయిందన్న నిరుత్సాహంతో మొత్తానికే మానేసేవాళ్ళు ఉంటారు. వాయిదా అలవాటు ఉన్న మనసుకు ఈ నిబంధన మంచి సాకు అందిస్తుంది. నెలకు నాలుగైదు రోజులు కలిపి ఇస్తే యజమానికి పోయేది కొద్దిగా, చేరినవాళ్ళకు దక్కేది చాలా. డిపాజిట్ తిరిగి ఇవ్వడంలోనూ జాప్యం ఉందని మానేసిన ఇద్దరు నాతో చెప్పారు.

ఇంతకంటే చవకైన దారులు లేవా అంటే ఉన్నాయి. ద్వారకానగర్‌లోనే విశాఖపట్నం పౌర గ్రంథాలయం ఉంది, విశ్వవిద్యాలయంతో సంబంధం ఉన్నవాళ్ళకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం ఉంది. పుస్తకాల మీద ఆధారపడిన పనికి గ్రంథాలయమే మేలు, అందులో సందేహం లేదు. నాకు కావలసింది మాత్రం నాదంటూ ఒక సీటు, పొద్దున్నే తెరిచే తలుపు. ఇంట్లోంచి కదలలేనివాళ్ళకు అంతర్జాలంలో ఫోకస్‌మేట్ అనే సేవ ఉంది. 25, 50 లేదా 75 నిమిషాలపాటు మరో ఊళ్ళోని అపరిచితుడితో వీడియోలో ఎదురెదురుగా కూర్చుని ఎవరి పని వారు చేసుకుంటారు. పసిపిల్లల తల్లులకు, మంచం పట్టిన పెద్దలను చూసుకునేవాళ్ళకు అది వరం. ఇంగ్లిష్‌లో పలకరింపులు, ఇంట్లో తగినంత నిశ్శబ్దం అవసరం కనుక అందరికీ కుదరదు. ఫోన్ ముట్టుకోనంతసేపూ తెర మీద బొమ్మ చెట్టు పెరిగే యాప్‌ల వంటివి ఫోన్‌ను దూరం పెట్టడానికి పనికొస్తాయి, కానీ లాకరు తాళం అంతకంటే గట్టిది.

చేరాలనుకునేవాళ్ళకు నాకు తెలిసినంతలో చెబుతాను. ఉద్యోగస్తులైతే రాత్రి షిఫ్టు జోలికి పోవద్దు. రోజంతా అలసి వచ్చి కూర్చునే కుర్చీలో నిద్ర వస్తుంది, ఆడవాళ్ళకు పదకొండు గంటలకు తిరుగు ప్రయాణం కూడా ఆలోచించవలసిన విషయమే. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు కూర్చుని నేరుగా ఆఫీసుకు వెళ్ళగలిగితే మిగతా షిఫ్టు వృథా అయినా నష్టం అనిపించదు. పెద్ద నోటిఫికేషన్లు వచ్చిన వారాల్లో సీట్లు దొరకవు, ఆ హడావిడి లేనప్పుడు వెళ్తే ఆడవాళ్ళు కిటికీ వరస అడిగి తీసుకోవచ్చు. డబ్బు కట్టే ముందు ఒక పూట ఉచితంగా కూర్చోనివ్వమని అడగండి. మా గదిలో ఇచ్చారు, చాలాచోట్ల ఇస్తారు. ఆ పూట బాత్రూమ్, ఏసీ గాలి పడే చోటు, మీ సీటు దగ్గర ప్లగ్ పాయింటు పనిచేస్తున్నదో లేదో చూసుకోండి. రాని రోజులు కలుపుతారేమో నోటిమాటగా కాక రసీదు మీద రాయించుకోండి, డిపాజిట్‌కు వేరే రసీదు తీసుకోండి. మొదటి రోజున ఏం చేయాలో ముందు రాత్రే కాగితం మీద రాసిపెట్టుకుని వెళ్ళండి, ఎందుకంటే ఆ కుర్చీలో కూర్చున్నాక పని వెతుక్కోవడం మొదలుపెడితే మొదటి గంట దానికే పోతుంది.